రెండు పక్కటెముకలు పైకి

మా ఆసుపత్రిలో ఆవిడకి అసలు పేరు ఒకటుందని జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుకురాదు. అందరికీ ఎముకలక్కే. ఈసీజీ గదిలో బల్ల మీద ఎవరు పడుకున్నా సరే, ముందు వాళ్ల మెడ కింద గుంటలో చూపుడువేలు ఆనిస్తుంది. అక్కణ్ణుంచి రొమ్ముటెముక మీదుగా వేలిని మెల్లగా కిందికి జారుస్తుంది. కాస్త దిగాక వేలికి చిన్న గట్టులాంటిది తగులుతుంది. దాని పక్కనున్నది రెండో పక్కటెముక, ఆ ఎముక కింద ఉన్నది రెండో సందు. అక్కణ్ణుంచి "మూడు... నాలుగు" అని పైకి వినపడేలా లెక్కపెట్టుకుంటూ దిగి, నాలుగో సందులో రొమ్ముటెముకకి అటొకటీ ఇటొకటీ మొదటి రెండు స్టిక్కర్లు అంటిస్తుంది. మిగతావన్నీ ఆ రెండింటిని బట్టే.

"ఏంటమ్మా, నా ఎముకలు లెక్కపెట్టి అమ్ముకుంటావా?" అన్నాడొక ముసలాయన.

"అమ్ముదామనే చూశా తాతా. పాత సరుకు, ఎవరూ కొనేలా లేరు" అందావిడ. ఆయన నవ్వాడు. ఒళ్లు బిగుసుకున్నా, వణికినా కాగితం మీద గీత కూడా వణుకుతుంది. నవ్వితే భుజాలు వదులవుతాయి, వదులైతే గీత బాగా వస్తుంది. ఆవిడ జోకులు కూడా పనిలో భాగమే.

ఆడవాళ్లు సిగ్గుపడితే దుప్పటి కప్పి, దాని కింద చెయ్యి పెట్టి లెక్కపెడుతుంది. "సిగ్గుపడుతున్నారు కదా అని పైపైన అంటించి పంపేస్తే, వాళ్ల సిగ్గు మిగులుతుంది, మన తప్పూ మిగులుతుంది" అంటుంది.

ఒకసారి రద్దీలో ఒక కొత్త నర్సు కుడిచేతి తీగ ఎడమచేతికి, ఎడమచేతి తీగ కుడిచేతికి తగిలించేసింది. కాగితం బయటికి వస్తుండగానే ఎముకలక్క చూసింది. చేతుల తీగల నుంచి వచ్చే మొదటి గీత తలకిందులుగా ఉంది. ఛాతీ గీతలు మాత్రం చక్కగా ఉన్నాయి. "ఈయన గుండె కుడిపక్కనుంటే ఛాతీ గీతలు కూడా తిరగబడేవి. తిరగబడింది గుండె కాదు తల్లీ, నీ చేతులు. ఎడమంటే నీ ఎడమ కాదు, పడుకున్నాయన ఎడమ" అని మెత్తగా చెప్పి, తీగలు మార్చి మళ్లీ తీయించింది. మొదటి కాగితాన్ని మాత్రం ముక్కలు ముక్కలుగా చింపేసింది.

"అంత కోపమెందుకక్కా?" అన్నాను నేను. నాది పక్క వార్డులో నర్సు పని. టీ తాగడానికి ఆవిడ గదికి వచ్చాను.

"కోపం కాదు. తప్పు కాగితం కేసు షీటులోకి పోకూడదు. పోయిందా, ఇక మనిషి ఎక్కడికి పోతే అక్కడికి వెనకాలే వస్తుంది" అంది. ఆ రోజూ, తర్వాత ఇంకొన్ని రోజులూ టీ తాగుతూ కొంచెం కొంచెంగా చెప్పింది ఇదంతా.

ఎముకలక్క నాన్న ఇనుప యార్డులో క్రేను నడిపేవాడు. నిలువు నిచ్చెన ఎక్కి, మబ్బుల పక్కన ఉన్నట్టుండే గాజు గదిలో కూర్చుని, కింద చీమల్లా తిరిగే మనుషుల నడుమ ఒక్కరికీ దెబ్బ తగలకుండా ఇనుప దూలాలు దించేవాడు. యార్డులో ఆయన్ని గద్ద అనేవాళ్లు. కండలు తిరిగిన మనిషి, గొంతు కూడా అంతే. వాళ్లుండేది మూడో అంతస్తులో. సాయంత్రం కూతుర్ని భుజాల మీద, భార్య చేతిసంచిని మోచేతికి, నీళ్ల బకెట్టు రెండో చేతికి తగిలించుకుని ఈల వేసుకుంటూ మెట్లెక్కేవాడు. వాళ్లమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేసేది. "ఈయన్ని కట్టుకున్నాక బరువంటే ఏంటో మర్చిపోయానమ్మా, ఇస్త్రీ పెట్టె తప్ప" అని పక్కింటావిడతో గొప్పలు పోయేది.

యార్డులో ఏటా ఒంటి పరీక్షలు చేస్తారు. ఒక ఏడు కొత్తగా ఈసీజీ మిషను తెచ్చారు. డిస్పెన్సరీలో ఉండే కాంపౌండరు వరసగా అందర్నీ పడుకోబెట్టి తీశాడు. ఆ కాగితాలు చూసిన డాక్టరు గద్దని మాత్రం లోపలికి పిలిచాడు.

"నీకు తెలియకుండానే ఎప్పుడో ఒకసారి గుండెపోటు వచ్చి పోయిందయ్యా."

"నాకా? నాకెప్పుడూ జలుబు కూడా చెయ్యలేదండీ."

"కొందరికి నొప్పి తెలియదు. ఇదిగో చూడు, గుండె ముందు గోడ దెబ్బతిన్న గుర్తు. ఇక క్రేను ఎక్కడానికి వీల్లేదు. పైన ఏదన్నా అయితే నీతోపాటు కింద ఉన్నవాళ్లు కూడా పోతారు."

ఆ డాక్టరు చెడ్డవాడేం కాదు. కాగితం మీద ఉన్నదే చెప్పాడు. గుండె స్కానింగులు అప్పట్లో ఆ చుట్టుపక్కల ఎక్కడా లేవు. గద్దని కిందికి దించి గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చేపోయే లారీలకి టోకెన్లివ్వడమే ఇక ఆయన పని.

ఆ రోజునుంచి ఇల్లు మారిపోయింది. బరువులెత్తొద్దన్నారు, పరిగెత్తొద్దన్నారు, మెట్లెక్కితే ప్రతి మలుపులో ఆగమన్నారు, ఆవేశపడొద్దన్నారు. వాళ్లమ్మ ఆయన్ని పూచికపుల్ల తీసి పక్కన పెట్టనివ్వలేదు. నీళ్లు తనే మోసింది. గ్యాసు బండ తనే దొర్లించుకొచ్చి, ఒక్కో మెట్టే మోకాలితో తోసుకుంటూ పైకెక్కించింది. రోజంతా నిలబడి ఇస్త్రీ చేసొచ్చి, సాయంత్రం కింది పంపు దగ్గర మళ్లీ నిలబడేది. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కారు. "మా ఇంట్లో ముగ్గురం కాదు, నలుగురం ఉండేవాళ్లం. అమ్మ, నేను, నాన్న, నాన్న గుండె" అంది ఎముకలక్క. ఆవిడ చిన్నప్పుడు పరుగెత్తుకొచ్చి నాన్న మెడకి వేలాడబోతే, వాళ్లమ్మ నడుం పట్టుకుని వెనక్కి లాగేది. గద్ద రెండు చేతులూ చాచి అలాగే ఆగిపోయేవాడు. కొన్నాళ్లకి చాచడం మానేశాడు. ఈల కూడా మానేశాడు.

ప్రతి ఏడూ అదే డిస్పెన్సరీ, అదే కాంపౌండరు. "పోయినసారి లాగే ఉంది. పెరగలేదు, తగ్గలేదు" అనేవాడు. వాళ్లమ్మకి అదే పదివేలు. ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి దాచేది. కూతురు దాన్ని తీసి, ఎక్కడ గీత పైకి లేవాలో అక్కడ లేవకుండా కిందికి ఎలా పడిపోయిందో వేలితో తడుముతూ ఉండేది. చూసి చూసి ఆ గీత ఆవిడకి కంఠతా వచ్చింది.

ఎముకలక్క బడి చదువు ఆఖరి ఏడాదిలో ఉండగా, మళ్లీ పరీక్షల రోజు వచ్చింది. గద్ద వెంట వాళ్లమ్మ కూడా డిస్పెన్సరీకి వెళ్లింది, ఎప్పట్లాగే. ఆ ఉదయం నుంచే ఆవిడకి వీపు మధ్యన ఏదో పట్టేసినట్టుంది, దవడ లాగుతోంది. బయట బెంచీ మీద కూర్చుని చెమటలు తుడుచుకుంటోంది. కాంపౌండరు చూసి, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"నాకేం బాబూ, గ్యాసు. పేషెంటు ఆయన. ఆయన్ని చూడండి" అంది.

పోయినసారి లాగే ఉందని చెప్పించుకుని ఇంటికొచ్చారు. భోజనం చేశాక ఆయన్ని పడుకోమని, తను బకెట్టు పుచ్చుకుని కిందికెళ్లింది. కాసేపటికి మెట్ల మీద ఇనుప బకెట్టు దొర్లిన చప్పుడు వినపడింది. దొర్లుతూ చాలా దూరం పోయిందట. గద్ద లేచాడు. తలుపు తీశాడు. కింది మలుపులో భార్య గోడకి చేరబడి ఉంది, చీరంతా నీళ్లు. ఆయన్ని చూసి చెయ్యెత్తింది. రమ్మని కాదు, ఆగమని. పరిగెత్తొద్దని.

ఆయన పరిగెత్తలేదు. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించుకుంటూ, నేర్పించినట్టే దిగాడు. మధ్య మలుపులో ఆగి ఊపిరి కూడా తీసుకున్నాడు. దగ్గరికి చేరేసరికి ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి గానీ చూడటం లేదు.

పోయింది గుండెపోటుతోనే. ఇంటిల్లిపాదీ ఒక గుండెని కాపలా కాస్తుంటే, రెండోది ఎవరికీ చెప్పకుండా ఆగిపోయింది.

"నేను మెల్లగా దిగాను. పరిగెత్తొద్దన్నారు కదా" అని గద్ద వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. తర్వాత ఎవరూ అడక్కపోయినా చెప్పాడు. కూతురు మాత్రం ప్రతిసారీ, "మంచి పని చేశావు నాన్నా. నువ్వు కూడా పోయుంటే నేనేమైపోయేదాన్ని?" అనేది. ఆ మాట ఒక్కటే ఆయన్ని అన్నం తిననిచ్చింది.

మిగిలిన ఆ ఒక్క గుండెనైనా కాపాడుకోవాలనే ఆవిడ ఈసీజీ పని నేర్చుకోవడానికి మా ఆసుపత్రిలో చేరింది. నేర్పించేది మాస్టారు, తెల్ల మీసాలాయన. మెడ గుంటలోంచి వేలు జార్చి లెక్కపెట్టడం ఆయన నేర్పిన విద్యే. చేయి తిరగాలంటే ఇంట్లోవాళ్లని తెచ్చుకుని సాధన చెయ్యమన్నాడు. ఎముకలక్క వాళ్ల నాన్నని తీసుకొచ్చింది.

"మా నాన్నకి పాత గుండెపోటుంది మాస్టారూ. గీత ఎలా వస్తుందో కళ్లు మూసుకుని గీసి చూపిస్తా" అని అందరిముందూ అంది, కొంచెం గొప్పగానే.

తీసింది. కాగితం శుభ్రంగా వచ్చింది. ఎక్కడ పడిపోవాలో అక్కడ గీత చక్కగా లేచింది.

తనే ఎక్కడో తప్పు చేశాననుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. స్టిక్కర్లన్నీ పీకి, మళ్లీ లెక్కపెట్టి, మళ్లీ అంటించి తీసింది. అదే గీత. మాస్టారు వచ్చి తన చేత్తో తీశాడు. అదే. "యార్డు డిస్పెన్సరీ కాగితం నీ దగ్గరుందా?" అన్నాడు. ఉంది. చూశాడు. తర్వాత ఛాతీ మీది మొదటి స్టిక్కర్లు ఊడదీసి, రెండు పక్కటెముకలు పైకి జరిపి అంటించి మీట నొక్కాడు.

చిన్నప్పటినుంచీ వేలితో తడిమిన గీత మిషనులోంచి మెల్లగా బయటికొచ్చింది.

"అయిపోయిందా? చొక్కా వేసుకోవచ్చా?" అన్నాడు గద్ద బల్ల మీంచి.

"వేసుకో నాన్నా" అంది ఎముకలక్క.

గుండె డాక్టరమ్మ స్కాను చేసింది. "గోడలన్నీ చక్కగా కదులుతున్నాయి. ఈ గుండెకి ఎప్పుడూ ఏ దెబ్బా తగల్లేదు" అంది. విషయమంతా విని కుర్చీలో వెనక్కి వాలిపోయింది. "మా దగ్గరికి పాత కాగితం వస్తే మేమూ దాన్నే నమ్ముతాం. మొదటిసారి అనుమానం వచ్చినప్పుడే మళ్లీ తీయించాలి, తర్వాతెప్పుడో కాదు" అని, "మీ నాన్నగారికి నన్ను చెప్పమంటావా?" అని అడిగింది.

"వద్దు డాక్టరుగారూ, నేనే చెప్తాను."

చెప్పడం అంత తేలికైతే కాదు. రేపు చెప్దాం అనుకుంటే ఎల్లుండి అయ్యేది. చెప్పకుండా ఉండిపోదామని కూడా అనుకుంది. కానీ లేని జబ్బుకి ఆయన రోజూ మాత్రలు మింగుతుంటే చూస్తూ ఎలా ఊరుకోవడం? ఒక ఆదివారం మధ్యాహ్నం గద్ద మాత్ర నోట్లో వేసుకోబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఏంటే?"

"అక్కర్లేదు నాన్నా."

"అయిపోయాయా? రేపు తెద్దువుగానీలే."

"అయిపోలేదు. అసలు నీకు అక్కర్లేదు. నీ గుండెకి ఏమీ లేదు. ఎప్పుడూ లేదు. ఆ కాంపౌండరు తీగలు తప్పు చోట పెట్టాడు. ప్రతి ఏడూ అదే తప్పు చోట."

గద్ద మిషన్ల మనిషి. తీగలంటే ఆయనకి తెలుసు. "ఎంత తప్పు?" అన్నాడు.

"రెండు పక్కటెముకలు పైన."

ఆయన చొక్కా మీదే రెండు వేళ్లు పెట్టుకుని కొలుచుకున్నాడు. "ఇంతేనా?"

"ఇంతే నాన్నా."

"అంటే గద్దని ఊరికే కిందికి దించారన్నమాట." నవ్వాడు. నిజంగానే నవ్వాడు, ఎన్నో ఏళ్ల తర్వాత గొంతెత్తి. ఆ నవ్వు సగంలో ఉండగా ముఖం మారిపోయింది. ఎముకలక్కకి అర్థమైంది. ఇన్నాళ్లూ ఆవిడ భయపడింది ఆ ఒక్క క్షణానికే.

"అయితే ఆ రోజు..."

"నాన్నా, వద్దు."

"పరిగెత్తేవాణ్ణి కదే."

"పరిగెత్తినా లాభం లేకపోయేదేమో. డాక్టరమ్మని అడిగాను. చెప్పలేమంది."

"ఉండకపోవచ్చు. దగ్గరైనా ఉండేవాణ్ణి కదా. చెయ్యి పట్టుకునేవాణ్ణి కదా. మీ అమ్మ చూస్తుండగా నేను మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నానే."

లేచి తలుపు తీశాడు. ఎముకలక్క వెనకాలే వెళ్లింది. గద్ద మెట్ల మీద పరిగెత్తాడు. రెయిలింగు ముట్టుకోలేదు. కింది మలుపు దాకా రెండేసి మెట్లు దూకుతూ దిగి, గోడకి చెయ్యి ఆనించి, మళ్లీ పైకెక్కాడు. మళ్లీ పరిగెత్తాడు. చప్పుడుకి పక్కవాళ్లు తలుపులు తీసి, "అయ్యయ్యో, గుండె జబ్బు మనిషి, పట్టుకోండి" అని అరిచారు. ఎముకలక్క వాళ్లకి అడ్డం నిలబడింది. "ఆపకండి. ఏమీ కాదు. ఆయనకేమీ లేదు" అంటూ ఏడ్చింది. ఆయన ఆ మలుపులో కూలబడిపోయేదాకా పరిగెత్తాడు. గుండెకి నిజంగానే ఏమీ కాలేదు.

తర్వాత చాలా రోజులు ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. ఎముకలక్క మాత్రం కాంపౌండర్ని వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన ఉద్యోగం మానేసి, కూతురింట్లో వరండాలో మంచం మీద ఉన్నాడు. నాలుగు మాటలు గట్టిగా అడిగేయాలని దారిపొడవునా కూడగట్టుకుంది. తను ఎవరి కూతురో చెప్పేసరికి ఆ ముసలాయన ముఖం వెలిగిపోయింది. "గద్ద కూతురివా! బాగున్నాడా? చూశావా, నా చేత్తో ఎన్నేళ్లు కాపాడుకొచ్చానో!" అన్నాడు. తీగలు ఎక్కడ పెట్టేవారని అడిగితే, తన ఛాతీ మీదే చూపించాడు. "ఇదిగో, మెడ కిందున్న అడ్డం ఎముక నుంచి నాలుగు వేళ్లు కిందికి కొలిచి. మిషను తెచ్చినాయన ఒక్క పూట ఉండి ఇలాగే చూపించి వెళ్లాడమ్మా. నేనెప్పుడూ తప్పలేదు."

ఎముకలక్క ఆ ముసలి చేతిని పట్టుకుని, ఆయన గుండె మీదే కిందికి జరిపి, "ఇక్కడ తాతా" అని మాత్రం అంది. ఆయనకి అర్థం కాలేదు. టీ తాగి వెళ్లమన్నాడు.

అక్కణ్ణుంచి తిన్నగా యార్డు డిస్పెన్సరీకి వెళ్లింది. కొత్తగా వచ్చినమ్మాయి ఆ పాతాయన దగ్గరే నేర్చుకుంది. నాలుగు వేళ్లు కొలిచే అంటిస్తోంది. ఎముకలక్క సెలవులు పెట్టి మరీ ఆ అమ్మాయి పక్కన నిలబడి నేర్పింది. డాక్టరమ్మ చేత యార్డుకి చెప్పించి, పాత కాగితాల్లో తేడాలున్న వాళ్లందరికీ మళ్లీ తీయించింది. కొందరి గుండెలు బాగానే ఉన్నాయని తేలింది. ఇంకొందరు అప్పటికే లేరు. వాళ్ల సంగతి ఎవరూ ఎప్పటికీ చెప్పలేరు.

మాస్టారు వెళ్లిపోయాక ఆయన కుర్చీ ఎముకలక్కకి ఇచ్చారు. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా సాధనకి మనిషి కావాలి. ఎవరూ ఒప్పుకోరు, స్టిక్కర్లు పీకితే వెంట్రుకలు ఊడతాయని. ఒక రోజు గద్ద తనంతట తనే వచ్చి చొక్కా విప్పాడు. "నా మీద నేర్చుకోండర్రా. తప్పు చేస్తే నా మీదే చెయ్యండి, బయట చెయ్యకండి" అన్నాడు. అప్పట్నుంచీ ఎప్పుడు పిలిచినా వస్తాడు. ఇప్పుడు ఆయనకి బాగా వయసైపోయింది. ఛాతీ మీద తెల్ల వెంట్రుకలు. చల్లటి వేళ్లు తగిలి ఉలిక్కిపడినా నోరెత్తడు.

మొన్న నేను టీకి వెళ్లేసరికి ముగ్గురు కొత్తపిల్లలు ఆయన చుట్టూ ఉన్నారు. ఒకమ్మాయి బాగానే లెక్కపెట్టి, స్టిక్కర్లంటించి, పద్ధతి ప్రకారం అడగాల్సింది అడిగింది. "తాతయ్యా, మీకు ఇంతకుముందు గుండె జబ్బు ఏమైనా ఉందా?"

"లేదమ్మా" అన్నాడు గద్ద పైకప్పు చూస్తూ. కాసేపటికి, "ఉండుంటే బాగుండేది" అన్నాడు.

ఆ అమ్మాయికి అర్థంకాక నవ్వి, మీట నొక్కింది. ఎముకలక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఇటు తిరగలేదు. కాగితం బయటికి రావడం మొదలైంది. గీతంతా సన్నగా ముళ్లుముళ్లుగా వణుకుతోంది.

"అక్కా, ఏదో తీగ వదులైనట్టుంది" అంటూ ఆ అమ్మాయి ఒక్కో క్లిప్పూ నొక్కి చూడసాగింది.

ఎముకలక్క వచ్చి వాళ్ల నాన్న ముఖం వైపు చూసింది. మిషను ఆపి, దుప్పటి ఆయన గొంతు దాకా లాగింది.

"తీగలన్నీ బాగానే ఉన్నాయమ్మా. కాసేపాగి తీద్దాం" అంది.